పచ్చ లైటు దేనికి సాక్షి?

తెల్లవారుజామున మూడున్నరకి ఫోన్ మోగింది. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో, సముద్రానికి దగ్గరగా ఉన్న రొయ్యల గుంటల నుంచి. "అన్నా, బోర్డు మీద అన్నీ పచ్చగానే వెలగతా ఉండాయి. మూడో గుంటలో మాత్రం రొయ్యలు గట్టుకొచ్చి తేలతా ఉండాయి. ఏందన్నా ఇది?" అన్నాడు కాపలా అబ్బాయి. నేను బండి తీసేలోపు టార్చి వేసి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లను ఒక్కొక్కటిగా చూడమన్నాను. నాలుగింట్లో రెండు ఆగి ఉన్నాయి. చీకట్లో, మిగతా రెండింటి హోరులో, ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. బోర్డు మీద ఆ రెండింటి లైట్లు మాత్రం నిండుగా వెలుగుతూనే ఉన్నాయి.

వెళ్లి చూస్తే విషయం తేలిపోయింది. ఆ రెండు మోటార్లనూ తిప్పమని బోర్డు ఆజ్ఞ ఇచ్చింది, ఇచ్చానని లైటు వేసింది. అక్కడికి ఇరవై అడుగుల దూరంలో, స్టార్టర్ డబ్బాలో, మోటారు మీద భారం పెరిగితే కరెంటు తెంచేసే ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయి ఉంది. మోటారు ఆగిందనే కబురు బోర్డుకు చేర్చే వైరు అసలు లేనే లేదు. మేమంతా ఆ లైటును 'ఏరేటర్ తిరుగుతోంది' అని చదువుకున్నాం. అది చెప్పింది 'తిరగమని చెప్పాను' అన్నంతవరకే. రీసెట్ నొక్కి మోటార్లు తిప్పాం, పంట దక్కింది. ఆ రోజు నుంచి ఏ బోర్డు ముందు నిలబడినా నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఈ లైటుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది?

అల్లూరు, విడవలూరు, ముత్తుకూరు వైపైనా, ప్రకాశం జిల్లాలో కొత్తపట్నం, సింగరాయకొండ వైపైనా రొయ్యల సాగు చేసేవాళ్లకు రాత్రి టెన్షన్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పగలు నీళ్లలో తేలే సన్నటి నాచు లాంటి ప్లాంక్టన్ ఎండతో ఆక్సిజన్ తయారు చేస్తుంది. పొద్దుగూకాక తయారీ ఆగిపోతుంది, వాడకం ఆగదు. రొయ్య పీలుస్తుంది, ప్లాంక్టనూ పీలుస్తుంది, అడుగున మిగిలిన మేత కుళ్లడానికీ ఆక్సిజనే కావాలి. అందుకే తెల్లారబోయే ముందు నీళ్లలో అది బాగా పడిపోతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే నిశ్చింత, 3 కంటే దిగితే గండం. ఆ వేళలో గట్టు మీద నిద్రమత్తులో ఉన్న మనిషికి దిక్కు ఆ చిన్న డబ్బా మీది లైట్లే. అందుకే వాటిని సరిగ్గా చదవడం రావాలంటాను.

స్టార్టర్ ప్యానెల్ మీది మూడు ఫేజుల లైట్లతో మొదలుపెడదాం. ఎరుపు, పసుపు, నీలం. ఇక్కడ ఎరుపు అంటే ప్రమాదం కాదు, ఆర్ ఫేజు ఉందని. మూడూ వెలిగితేనే మంచిది. అదే ప్యానెల్లో కాస్త కింద ట్రిప్ లైటు కూడా ఎరుపే ఉంటుంది, అది వెలిగితే చెడ్డది. సబ్‌స్టేషన్‌లో పనిచేసిన వాళ్లకు ఇంకో అలవాటు: అక్కడ బ్రేకర్ ఆన్‌లో ఉంటే ఎర్ర లైటు, ఆఫ్‌లో ఉంటే పచ్చ లైటు. కరెంటు ఉంది కాబట్టి జాగ్రత్త అని ఆ ఎరుపు. మన గుంట బోర్డు మీద మోటారు ఆన్ అంటే పచ్చ. ఒకే రంగు మూడు చోట్ల మూడు మాటలు చెబుతుంది. రంగును బట్టి అర్థం ఊహించుకోవద్దని అందరికీ చెప్పేది ఇందుకే. పైగా కొందరు మగవాళ్లకు పుట్టుకతోనే ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియదు. కాపలాకు పెట్టే మనిషిని ఒకసారి ఆ మాట అడగడంలో తప్పు లేదు.

ఆ నీలం లైటు వెనుక ఒక కథ ఉంది. కంటికి కనిపించే ఎర్రటి ఎల్ఈడీని నిక్ హోలోన్యాక్ 1962లోనే చేసి చూపించాడు. బాగా వెలిగే నీలం ఎల్ఈడీ కోసం ప్రపంచం 1990ల దాకా ఆగాల్సి వచ్చింది. దాన్ని సాధించిన, జపాన్‌లో పుట్టిన శాస్త్రవేత్తలు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. పాత ప్యానెళ్లలో నీలం ఫేజుకు మామూలు బల్బు మీద నీలం రంగు మూత బిగించేవాళ్లు. ఇప్పుడు గుంట గట్టు మీద బి ఫేజు చూపించే ఆ చిన్న చుక్క అంత కష్టపడి వచ్చింది.

ఫేజు లైట్లలో ఒక పెద్ద మోసం ఉంది, దీని వల్ల కాలిపోయిన మోటార్లు నా చేతుల మీదుగానే చాలా వెళ్లాయి. మోటారు తిరుగుతుండగా లైనులో ఎక్కడో ఒక ఫేజు తెగిందనుకోండి. మోటారు వెంటనే ఆగదు. మిగిలిన రెండు ఫేజుల మీద మూలుగుతూ తిరుగుతుంది. ఆ రెండింటి మీదా కరెంటు మామూలు కంటే దాదాపు 1.7 రెట్లు పెరుగుతుంది, వైండింగ్ వేడెక్కుతుంది. ఇలాంటప్పుడు పోయిన ఫేజు లైటు ఆరిపోవాలి కదా? చాలాసార్లు ఆరదు. తిరిగే మోటారు లోపల పుట్టే వోల్టేజీ ఆ ఖాళీ టెర్మినల్ మీదికి తిరిగి వస్తుంది, లైటు దానితో వెలుగుతుంది. కాస్త మసకగా, ఒక్కోసారి తేడా కూడా తెలియనంతగా. మనం మూడు లైట్లు చూసి లైన్ బాగుందనుకుంటాం. ఆ మూడోది లైన్ నుంచి కాదు, కాలిపోతున్న మోటారు నుంచే వెలుగుతోంది. వోల్టేజీ ఉందా లేదా అని మాత్రమే చూసే చవక రకం ఫేజు రక్షణ పరికరాలు కూడా ఇక్కడే బోల్తా పడతాయి. కరెంటును కొలిచేవి, లేదా మూడు ఫేజుల మధ్య సమతూకాన్ని చూసేవి పెట్టమనేది ఇందుకే.

దీనికి చిన్న తమ్ముడి లాంటి మోసం ఇంకొకటి. రాత్రిపూట ఆఫ్ చేసిన మోటారు లైటు సన్నగా మిణుకుమంటుంది. కరెంటు ఉన్న కేబులు పక్కనే చాలా దూరం పరిచిన ఖాళీ వైరులోకి కొద్దిపాటి వోల్టేజీ చేరుతుంది. ఎల్ఈడీకి ఆ కాస్తే చాలు. పాత ఫిలమెంటు బల్బులకు ఈ జబ్బు లేదు.

ఇక బోర్డు దగ్గరికి. అరచేతంత సర్క్యూటు, ప్లాస్టిక్ డబ్బాలో కూర్చుని ఉంటుంది. పవర్ లైటు చూడగానే బోర్డు బతికే ఉందనుకుంటాం. ఎర్ర ఎల్ఈడీ వెలగడానికి దాని దగ్గర దాదాపు 2 వోల్టులుంటే చాలు, నీలానికి 3 వోల్టుల వరకు కావాలి. బోర్డు మీది రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్, అలా కాదు. 12 వోల్టుల రిలే లాగాలంటే కనీసం 9 వోల్టుల దాకా ఉండాలి. పవర్ సప్లయి ముసలిదై 7, 8 వోల్టులే ఇస్తుంటే పవర్ లైటు చక్కగా వెలుగుతుంది, రిలే లైటు కూడా వెలుగుతుంది, కానీ 'టిక్' మనే చప్పుడు రాదు, మోటారు తిరగదు. ఇలాంటప్పుడు చెవి కంటే మంచి మీటరు లేదు. లైటు వెలిగిన క్షణంలో రిలే చప్పుడు వినిపించిందా లేదా అన్నది ఫోన్‌లోనే అడగొచ్చు.

పవర్ పక్కన 'రన్' అని ఒకటి టిక్కుటిక్కున ఆరుతూ వెలుగుతుంటుంది, గుండె కొట్టుకున్నట్టు. లోపలి ప్రోగ్రాం నడుస్తోందనడానికి అది గుర్తు. అయితే దాన్ని ఎలా రాశారన్నది ముఖ్యం. ప్రోగ్రాం తన పనులన్నీ ఒక చుట్టు పూర్తి చేశాకే లైటు మార్చేలా రాస్తే ఆ మిణుకు నిజం. పక్కన విడిగా నడిచే టైమరుతో మార్చేలా రాస్తే, అసలు పని చిక్కుకుపోయినా లైటు మాత్రం మిణుకుతూనే ఉంటుంది. ఇది బయటి నుంచి కనిపించదు. నీళ్లలోని ఆక్సిజన్ కొలిచే సెన్సార్ను బయటికి తీసి గాలిలో పట్టుకుంటే తెరమీది అంకె మారుతోందా లేదా చూడడమే పరీక్ష.

సిమ్ కార్డుతో మెసేజ్ పంపే బోర్డులైతే నెట్‌వర్క్ లైటు ఉంటుంది. దీన్ని తిరగేసి చదివేవాళ్లే ఎక్కువ. గబగబా కొట్టుకుంటుంటే 'బాగా పనిచేస్తోంది' అనుకుంటారు. సిమ్800 రకం మాడ్యూళ్లలో సెకనుకు దాదాపు ఒకసారి మిణుకుతుంటే ఇంకా టవర్ను వెతుక్కుంటోందని అర్థం. మూడు సెకన్లకు ఒకసారి తాపీగా మిణికితే నెట్‌వర్క్ దొరికిందని. సముద్రం ఒడ్డున సిగ్నల్ ఆడుతూ ఉంటుంది కాబట్టి, రాత్రి పడుకునే ముందు ఈ తాపీ మిణుకు చూసుకోవాలి.

లైట్లు చెప్పేది వైర్లు తెచ్చిన కబురే. అందుకని వైర్లు బోర్డును కలిసే చోటుకు వద్దాం. నిజానికి మా వైపు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. ఉప్పుగాలి రాగి మీద పచ్చటి చిలుము పట్టిస్తుంది. స్క్రూ టెర్మినల్లో బిగించిన వైరు పోగులు పైకి బాగానే కనిపిస్తాయి, లోపల తాకిడి పోయి ఉంటుంది. పోగుల్ని అలాగే మెలేసి దూర్చకుండా, వైరు కొసకు తొడిగే, తగరం పూసిన లగ్గు నొక్కి బిగిస్తే చాలా కాలం నిలుస్తుంది. డబ్బాకు వైరు పైనుంచి కాదు, కింది నుంచి రావాలి. వచ్చే ముందు ఒక వంపు కిందికి దిగాలి, వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి వచ్చే వానల్లో ఈ ఒక్క వంపు బోర్డును కాపాడుతుంది.

రిలే దగ్గర మూడు రంధ్రాలుంటాయి: కామన్, ఎన్ఓ (నార్మల్లీ ఓపెన్), ఎన్‌సీ (నార్మల్లీ క్లోజ్డ్). రిలేకు కరెంటు లేనప్పుడు కామన్ ఎన్‌సీతో కలిసి ఉంటుంది. కరెంటు ఇస్తే అక్కడ విడిపోయి ఎన్ఓతో కలుస్తుంది. చెప్పడానికి ఇంతే. ఏ రంధ్రంలో వైరు పెట్టాలన్నది మాత్రం ఒక్క ప్రశ్న మీద ఆధారపడుతుంది: బోర్డు చచ్చిపోతే ఏం జరగాలి?

సైరన్ సంగతి చూడండి. చాలామంది సైరన్ను ఎన్ఓలో కలుపుతారు. ఆక్సిజన్ తగ్గితే బోర్డు రిలేను లాగుతుంది, సైరన్ మోగుతుంది. పిడుగుకు బోర్డే కాలిపోతే? రిలేను లాగే దిక్కు ఉండదు, సైరన్ నోరెత్తదు. అంతా బాగున్న రాత్రీ నిశ్శబ్దమే, బోర్డు చచ్చిన రాత్రీ నిశ్శబ్దమే. అదే సైరన్ను సొంత బ్యాటరీతో ఎన్‌సీలో కలిపి, 'బాగున్నంత సేపు రిలేను లాగి ఉంచు' అని బోర్డుకు చెబితే, బోర్డు పోయిన క్షణమే అది మోగుతుంది. ఏరేటర్లకూ ఇదే లెక్క వేయొచ్చు. బోర్డు పోయినా, మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్ అయిన కాంటాక్టర్ పట్టుకునే ఉండాలంటే దాని కాయిల్ ఎన్‌సీ మీదుగా వెళ్లాలి. అప్పుడు బోర్డు రిలేను లాగితేనే మోటారు ఆగుతుంది. గమనించారా, ఇప్పుడు రిలే లైటు అర్థం తలకిందులైంది: లైటు వెలిగితే మోటారు ఆగినట్టు, ఆరితే తిరుగుతున్నట్టు. ఇలా కలిపిన చోట ఆ మాట డబ్బా మీద రాసి పెట్టకపోతే కొత్తగా వచ్చిన మనిషి తప్పకుండా తికమక పడతాడు. ఇంకో జాగ్రత్త: పోయిన కరెంటు తిరిగి రాగానే మోటార్లన్నీ ఒకేసారి లేస్తే, ఒక్కొక్కటీ మామూలు కంటే ఆరు రెట్ల దాకా కరెంటు గుంజుతుంది, జనరేటర్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. ఒక్కో కాంటాక్టర్కు కొన్ని సెకన్ల తేడాతో టైమరు పెట్టాలి.

ఆక్సిజన్ సెన్సార్ నుంచి వచ్చే రెండు వైర్లలో చాలావాటికి 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల లెక్క ఉంటుంది. సున్నా నుంచి ఎందుకు మొదలుపెట్టలేదో ఆలోచించండి. సున్నా ఆక్సిజన్‌కు 4 మిల్లీ ఆంపియర్లు, నిండు కొలతకు 20. సెన్సార్ 0 నుంచి 20 మిల్లీగ్రాముల దాకా కొలిచేదైతే, 8 మిల్లీ ఆంపియర్లు వస్తున్నాయంటే 5 మిల్లీగ్రాములు. అదే 0 మిల్లీ ఆంపియర్లు వస్తే నీళ్లలో ఆక్సిజన్ లేదని కాదు, వైరు తెగిందని. సున్నా నుంచి మొదలై ఉంటే ఈ రెండింటికీ తేడా తెలిసేది కాదు. ఈ ఏర్పాటు చేసినవాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది. టెర్మినల్లో కాస్త చిలుము పట్టి అడ్డు పెరిగినా, దారిలో పారే కరెంటు మారదు కాబట్టి అంకె చెడదు. ఒక్కటి మాత్రం ఈ వైరు చెప్పలేదు: సెన్సార్ మూతికి నాచు పట్టిందని. బోర్డు ఎంత గొప్పదైనా మురికి సెన్సార్ ఇచ్చిన అంకెనే నమ్ముతుంది.

ఒక గుంట బోర్డు నుంచి షెడ్డులోని పెద్ద బోర్డుకు కబురు వెళ్లడానికి ఎక్కువగా ఆర్ఎస్-485 లైను వాడతారు. పురిపెట్టిన రెండు వైర్లు, ఏ, బీ. 1,200 మీటర్ల దాకా పనిచేస్తుంది, అంటే ఒక మోస్తరు చెరువుల సముదాయానికి సరిపోతుంది. ఏ, బీ పేర్ల విషయంలో తయారీదారుల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఒకరి ఏ ఇంకొకరి బీ. తిరగేసి కలిపినా మామూలుగా ఏదీ కాలదు, మాట మాత్రం నడవదు. ఇక్కడ లైట్లు నిజంగా సాయం చేస్తాయి. పెద్ద బోర్డు మీద టీఎక్స్ (పంపే లైటు) మిణుకుతూ ఆర్ఎక్స్ (అందుకునే లైటు) ఆరిపోయి ఉంటే, అది అడుగుతోంది, అటునుంచి జవాబు లేదు. చిన్న బోర్డు మీద ఆర్ఎక్స్ మిణుకుతూ టీఎక్స్ ఆరిపోయి ఉంటే, ప్రశ్న చేరింది కానీ అది తన కోసమని గుర్తుపట్టలేదు. మొదటిది వైరు జబ్బు కావొచ్చు. రెండోది చాలాసార్లు స్విచ్ జబ్బు.

ఆ స్విచ్‌లు బోర్డు మీద పళ్ల వరసలా ఉండే చిన్న తెల్లటి మీటలు, డిప్ స్విచ్‌లు. ఇవి బోర్డుకు ఇంటి నంబరు లాంటివి. మొదటి మీట విలువ 1, రెండోది 2, మూడోది 4, నాలుగోది 8, అలా రెట్టింపవుతూ పోతుంది. ఆన్‌లో ఉన్నవి కూడితే నంబరు వస్తుంది. ఐదో నంబరు కావాలంటే ఒకటి, మూడు ఆన్. రెండు బోర్డులకు ఒకే నంబరు పెడితే ఇద్దరూ ఒకేసారి జవాబిచ్చి మాట కలగాపులగం అవుతుంది. మీట మార్చాక బోర్డును ఒకసారి ఆపి ఆన్ చేయాలి, ఎందుకంటే చాలా బోర్డులు ఈ నంబరును ఆన్ అయిన క్షణంలోనే చదువుకుంటాయి. ఈ ఒక్క మాట తెలియక గంటలు పోగొట్టుకున్న వాళ్లున్నారు. '120' అని రాసి ఉన్న మీట వేరు, లైను కొసకు 120 ఓమ్‌ల నిరోధకాన్ని కలిపేది. అది లైను రెండు కొసల్లో ఉన్న బోర్డుల మీదే ఆన్‌లో ఉండాలి. మంచిదే కదా అని అన్నిటి మీదా ఆన్ చేస్తే సిగ్నల్ నీరసపడిపోతుంది.

ఆకారం చూసి మోసపోవద్దన్న మాట కనెక్టర్లకూ వర్తిస్తుంది. ఇంటర్నెట్ వైరు దూరే ఎనిమిది పిన్నుల సాకెట్నే కొన్ని బోర్డుల్లో సెన్సార్ కోసం వాడతారు. పక్కన కెమెరా కోసం పెట్టిన నెట్‌వర్క్ స్విచ్ నుంచి వైరు తెచ్చి ఇందులో గుచ్చితే, ఆ వైరులో కెమెరాకు పోయే వోల్టేజీ ఉండొచ్చు. పద్ధతిగా చేసిన స్విచ్ ముందు అవతల ఎవరున్నారో చూసుకుని ఇస్తుంది. చవక రకాలు చూడకుండానే ఇచ్చేస్తాయి. సాకెట్ పక్కన రంగు టేపు చుట్టి పేరు రాయడం రెండు నిమిషాల పని.

స్విచ్‌లలో పెద్దన్న సెలెక్టర్: ఆటో, ఆఫ్, మాన్యువల్. మాన్యువల్లో బోర్డుకు సంబంధం లేకుండా మోటారు తిరుగుతుంది. మరమ్మతు కోసం మాన్యువల్లో పెట్టి, మళ్లీ ఆటోకు తిప్పడం మర్చిపోవడం మామూలు. అప్పుడు కూడా బోర్డు లైట్లు తమ పాట తాము పాడుతూనే ఉంటాయి. సెలెక్టర్లో ఖాళీగా ఉన్న ఒక కాంటాక్టు నుంచి బోర్డుకు వైరు లాగితే, ఆటోలో లేదన్న సంగతి కూడా అది చెప్పగలదు. రీసెట్ బటన్ గురించి ఒక్క మాట: చాలా బోర్డుల్లో దాన్ని తాకి వదిలితే మళ్లీ మొదలవుతుంది, చాలాసేపు నొక్కి పట్టుకుంటే సెట్టింగులన్నీ చెరిపేసుకుంటుంది. కంగారులో గట్టిగా, ఎక్కువసేపు నొక్కడమే మనిషి స్వభావం కాబట్టి, ఆ బటన్ మీద నేను టేపు అంటిస్తాను.

ఇందుకూరుపేట గుంటల దగ్గర ఆ తర్వాతి వారం చేసిన పని చెబుతాను. ప్రతి మోటారు వైరు చుట్టూ కరెంటును కొలిచే చిన్న రింగు వేశాం, దాని వైర్లు బోర్డుకు ఇచ్చాం. రెండు హార్స్‌పవర్ త్రీఫేజు మోటారు నిండు బరువు మీద రమారమి మూడున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. ఓవర్‌లోడ్ ట్రిప్ అయితే సున్నా. ఏరేటర్ చక్రం విరిగి మోటారు ఉత్తినే తిరుగుతుంటే బాగా తగ్గుతుంది. ఒక ఫేజు పోతే మిగిలిన రెండింటిలో పెరుగుతుంది. రిలే లైటుకు ఇవేవీ తెలియవు, రింగుకు అన్నీ తెలుస్తాయి. రింగు చెప్పిన దాన్ని బట్టే వెలిగేలా మోటారు లైట్లు మార్పించాం.

తర్వాత ఒక పగటిపూట, రొయ్యలకు ఇబ్బంది లేని వేళ చూసి, ఆ కాపలా అబ్బాయిని పక్కన పెట్టుకుని ఒక్కో ఎంసీబీని ఆపాం, ఒక్కో వైరును ఊడదీశాం. 415 వోల్టుల సంగతి కాబట్టి వైరు ముట్టుకునే ముందు ప్రతిసారీ మెయిన్ ఆఫ్ చేసి, టెస్టరు పెట్టి చూశాకే. ఏది ఆపితే ఏ లైటు ఆరింది, ఏది ఆరకుండా ఉండిపోయింది అన్నీ అతని చేతే రాయించాను. ఆ కాగితం తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి డబ్బా మూత లోపల అంటించాం. ప్రతి లైటు పేరు పక్కన దానికి కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో అతని అక్షరాల్లో ఉంది. మూడో వరసలో 'ఏరేటర్ ఆన్' అని ముందు రాసి కొట్టేశాడు. దాని మీద 'మోటారు కరెంటు తీసుకుంటా ఉంది' అని దిద్దాడు.